గంట మోగకుండా ఇరవై నిమిషాలు

డాక్టర్ జువేరియా నాతో అన్న మొదటి మాట, "సిగ్గు లేదా నీకు?"

టింగ్‌మని బల్ల మీది గంట కొట్టాడు భీమరావు సారు.

నేను తాగలేదు. పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క ముట్టలేదు. నా పేరు తౌఫీక్, పుంగనూరులో వెల్డింగు షాపు. దొంగచాటుగా మందు అమ్మే బెల్టు షాపుల మీద పోరాడుతూ మైకులో అరుస్తాను, వాటి ముందే వీధి నాటకాలు ఆడతాను, తాగుబోతు వేషం ఎప్పుడూ నాదే. ఒకరోజు అది చూసిన సారు నన్ను మదనపల్లెకు పిలిపించాడు. తాగుడు, పొగాకు, నిద్రమాత్రలు లాంటి వ్యసనాలను మాన్పించడం ఎలాగో అక్కడ ఒక ఆసుపత్రిలో డాక్టర్లకు ట్రైనింగు ఇస్తాడాయన. ప్రతి శనివారం క్లాసు. ప్రాక్టీసు కోసం ఉత్తుత్తి రోగులు కావాలి. నేను ఉత్తుత్తి తాగుబోతుని.

సారుది ఒక పద్ధతి. డాక్టరు అడగాలి, వినాలి, అంతే. తిట్టినా, అడగని సలహా ఇచ్చినా గంట మోగుతుంది.

"సరేప్పా," గొంతు తగ్గించింది జువేరియా. "రోజుకు ఎంత తాగుతావు?"

"క్వార్టరు మేడమ్. పండగైతే హాఫు."

"పిల్లోళ్లు ఉండారా?"

"ఇద్దరు."

"వాళ్ల మొగాలు సూసైనా మానుకోవచ్చు గదా?"

టింగ్.

"నేను సలహా ఇయ్యలేదు సార్, ప్రశ్న అడిగినా."

"ప్రశ్నకు చీర కట్టిన సలహా అది," అన్నాడు సారు.

పది నిమిషాల్లో తొమ్మిదిసార్లు మోగింది.

క్లాసయ్యాక టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకుంది. "ఏంటికి అంత బాగా తాగుతావు నువ్వు?"

"అలవాటు లేదు మేడమ్, అందుకే."

నవ్వలేదు. ఆమెది కుప్పం, అక్కడే డాక్టరు. "ఫైనల్ పరీక్ష ఇరవై నిమిషాలు. మూడోసారి గంట మోగితే ఫెయిల్. ఫెయిలైతే కుప్పంలో ఈ వైద్యం మొదలుపెట్టేదానికి పర్మిషన్ రాదు. మా ఊరి మనిషి తాగుడు మానాలంటే నూరు కిలోమీటర్లు బస్సులో ఈడికి రావల్ల. దావలో ఎన్ని బ్రాందీ షాపులు ఉండాయో తెలుసునా?"

"పద్దెనిమిది."

"లెక్కపెట్టినావా?"

"నా పని అదే గదా మేడమ్."

అప్పుడు నన్ను సరిగ్గా చూసింది. తాగుడు ఊరూరికీ చేరుతుంది, మాన్పించే డాక్టరు మాత్రం చేరడు. ఆ సంగతికి ఇంత మండిపోయే మనిషి నాకు నేను కాకుండా ఇంకొకరు దొరకడం అదే మొదలు. నాకు అందంగా ఉండేవాళ్ల కన్నా కోపంగా ఉండేవాళ్లు నచ్చుతారు. ఈమె రెండూ.

"బస్సులో ప్రాక్టీసు సేయిస్తావా?" అంది.

శనివారం సాయంత్రాలు ఆమె కుప్పం వెళ్లే బస్సులోనే నేనూ ఎక్కేవాణ్ణి. పుంగనూరులో దిగాలి నేను. రెండో వారం నుంచి పలమనేరు దాకా టికెట్ తీసుకున్నాను.

"పలమనేరులో ఏం పని?"

"వెల్డింగు రాడ్లు కొనల్ల."

ఒక శనివారం జోరున వాన. కిటికీ షట్టరు కిందికి దిగదు, సగం వాన మా ఒళ్లోనే. జువేరియా తన దుపట్టా కొస పిండుకుంటూ అడుగుతోంది. "నిన్న ఎంత తాగినావు?"

"హాఫు."

"ఏమయింది నిన్న?"

ముందు సీట్లోని అవ్వ గిర్రున తిరిగింది. గంగవరం చెంగమ్మ, పాల క్యాన్లతో రోజూ తిరిగే మనిషి. "ఏం మొగోడివప్పా నువ్వు? బంగారట్లా పెండ్లాం అంత నెమ్మదిగా అడుగుతాంటే, హాఫు, క్వార్టరు అని లెక్కలు సెప్తాండావే. నేనైతే సీపురుకట్ట తీసుండేదాన్ని."

"మానేస్తాను అవ్వా," అన్నాను.

"వీడి మాట నమ్మొద్దు పాపా," అని ముందుకు తిరిగింది చెంగమ్మ.

కాసేపటికి జువేరియా గుసగుసలాడింది. "పెండ్లాం కాదని సెప్పొచ్చు గదా?"

"మీరు గూడా సెప్పల్లేదు."

ఆమె వాన వైపు తిరిగింది. వానలో చూడడానికి ఏమీ లేదు. అయినా పలమనేరు దాకా చూస్తూనే ఉంది.

బస్సులో ప్రాక్టీసు మొదలైన ఎనిమిది వారాలకు పరీక్ష. భీమరావు సారు జాబితా చదివాడు. "డాక్టర్ జువేరియా. రోగి, తౌఫీక్."

ఆమె ముఖం వెలిగింది. నా జవాబులు ఆమెకు కంఠతా వచ్చు. పాసైపోయినట్టే. కానీ పరీక్షలో వచ్చే రోగితో డాక్టరు క్లాసు బయట ప్రాక్టీసు చేసి ఉండకూడదని నియమం. ఊళ్లో అందరి దొంగతనాల మీదా మైకులో అరిచేవాణ్ణి, నాది వచ్చేసరికి నోరు మూసుకోవాలా? నా వల్ల కాలేదు.

"సార్, మేడమ్‌తో నేను ఎనిమిది వారాలుగా బస్సులో ప్రాక్టీసు సేస్తాండాను. వేరే రోగిని ఇయ్యండి."

సారు కళ్లద్దాలు తీసి మా ఇద్దరినీ చూశాడు. జువేరియా నన్ను వరండాలోకి లాగింది.

"నిన్ను ఎవురు అడిగినారు సెప్పమని?"

"ఎవురూ అడగల్లేదు. రేపు కుప్పంలో మీ ముందర కూర్చునేది నేను కాదు గదా మేడమ్."

"నేను ఫెయిలైతే ఆడ కూర్చునేదానికి కుర్చీనే ఉండదు," అంది. లోపలికి వెళ్లిపోయింది.

ఆమెకు రాణిని ఇచ్చారు. వార్డులో ఆయా. నిద్రమాత్రలు లేకుండా పడుకోలేని ఆడమనిషి వేషం. నేను తలుపు బయట నిలబడ్డాను.

రెండో నిమిషంలో టింగ్. ఆరో నిమిషంలో టింగ్.

ఇంకొక్కటి మోగితే కుప్పం పోయినట్టే. నేనే పోగొట్టినట్టు.

ఆ తర్వాత లోపల ఏ చప్పుడూ లేదు. జువేరియా గొంతు కూడా లేదు. చాలాసేపటికి రాణి ఏదో చెబుతోంది, ఆగుతోంది, మళ్లీ చెబుతోంది. జువేరియా నుంచి ఒక్క "ఊ".

తలుపు తెరుచుకుంది. రాణి కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. "ఆయమ్మ ఊరికే ఉండిందప్పా. ఆయమ్మ అట్ల ఉంటే నాకు సెప్పబుద్ధి పుట్టింది. సారు రాసిచ్చిన కాగితంలో లేనివి గూడా సెప్పేసినా."

పాస్.

జువేరియా నన్ను చూడకుండా బస్టాండుకు నడిచింది. వెనకాలే నేను. బస్సులో ఆమె పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడ్డాను.

"కూసో," అంది.

కూర్చున్నాను. పుంగనూరు వచ్చింది. దిగలేదు.

"రాడ్లు కొనల్లనా?"

"లేదు."

"మరి?"

అంతే. ఇంకేమీ అనలేదు. నా వైపు తిరిగి, ఊరికే కూర్చుంది. పదేళ్లుగా మైకు పట్టుకుని గంటలకు గంటలు మాట్లాడినవాణ్ణి. ఆ ఊరికే కూర్చోవడం ముందు నేను నిలవలేకపోయాను.

"రాడ్లు పుంగనూరులోనే దొరుకుతాయి. ఏడు వారాలు అబద్ధం సెప్పినా. మీరు కోపంగా ఉంటే సూసేదానికి వస్తాండా. కోపం లేనప్పుడు గూడా నచ్చినారు. మీకు ఇష్టమైతే పెండ్లి సేసుకుందాం. ఇష్టం లేకుంటే పలమనేరులో దిగిపోతా."

ఆమె దుపట్టా కొస వేలికి చుట్టుకుంది. "లోపలికి పోయేటప్పుడు నిన్ను సంపేద్దామనుకున్యా. రాణమ్మ ముందర నాకు ఒక్క జవాబూ తెలీదు. తెలీదు కాబట్టే విన్యాను. నువ్వు ఉండింటే నేను వినేదాన్ని కాదు, అప్పజెప్పేదాన్ని." వేలి నుంచి కొస విప్పింది. "పర్మిషన్ వచ్చిన మొదటి గురువారం ఓపీ తెరుస్తా. బెంచీలు మోసేదానికి రా. మా అబ్బ ఆడే ఉంటాడు."

పలమనేరులో నేను దిగలేదు.

ఆ గురువారం కుప్పంలో ఓపీకి పదకొండు మంది రోగులు వచ్చారు. జువేరియా తండ్రి ఘని, టైలరు, వాకిట్లో కూర్చుని టోకెన్లు ఇస్తున్నాడు. నేను ఆఖరి బెంచీ దించేదాకా చూసి పిలిచాడు.

"పోరాటాలు సేస్తావంటనే?"

"అవును చాచా."

"ఇంట్లో గూడా సేస్తావా?"

లోపల జువేరియా ఎవరితోనో "ఊ" అంటోంది. ఆ వైపు చూశాను. "ఆమెతోనా చాచా? గెలిచేది ఉండాదా?"

ముసలాయన పడీపడీ నవ్వాడు. "మీ అమ్మను పిలుచుకోని రా. మాట్లాడుకుందాం."

వెంటనే ఫోన్ చేశాను. మా అమ్మ తాహెరా "హలో" కూడా అనలేదు.

"నా బస్సు పలమనేరు దాటింది," అంది. "శనివారం శనివారం చొక్కా ఇస్త్రీ సేసిచ్చింది నేను కాదా? పొద్దున నువ్వు కుప్పం పోతాండానన్నప్పుడే అర్థమయి, వెనకాల బస్సెక్కినా. గంటన్నరలో ఆడుంటా, ఆ పాప అబ్బను యాడికీ పోవద్దని సెప్పు."