నా పన్ను, నన్నడగండి

ఉదయం ఏడు కావస్తోంది. కొరియా దక్షిణ తీరంలోని తోంగ్‌యంగ్ రేవు మీద మంచు ఇంకా విడలేదు. సున్‌రే వంటగదిలో కూర్చుని గిన్నెడు అన్నం తినేసింది. నీళ్ళు పోసి కలిపిన అన్నం, కత్తెరతో చిన్నగా కత్తిరించుకున్న ముల్లంగి కిమ్చి పచ్చడి. ఎడమ దవడ వాచి ఉంది కాబట్టి కుడివైపే నమిలింది. ఒక్క మెతుకు మిగల్చలేదు.

ఆ గిన్నె చూసి కూతురు మిరన్ గుమ్మంలోనే ఆగిపోయింది.

పదకొండింటికి పన్ను పీకించుకోవాలి. నిద్రపుచ్చి పీకాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. ఆ సంగతి మిరన్ నిన్న మూడుసార్లు ఫోన్ చేసి చెప్పింది. ఇవాళ ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి మరీ వచ్చింది.

"మర్చిపోయావా అమ్మా?"

"గుర్తుండే తిన్నాను. ఇక ఇవాళ నన్నెవరూ నిద్రపుచ్చలేరు."

పోయినవారం డాక్టర్ మేంగ్ మూడు దారులు చెప్పింది. చిగుళ్ళకి ఇంజెక్షన్ ఇచ్చి, మెలకువగా ఉండగానే పీకడం. ఇంజెక్షన్‌తోపాటు ముక్కుకి గొట్టం పెట్టి, భయం తగ్గించే గ్యాస్ పీల్పించడం. లేదా నరంలోకి మందు ఎక్కించి నిద్రపుచ్చడం. మూడోదానికి మాత్రం ఇంట్లోవాళ్ళు ఒకరు బయట కూర్చుని ఉండాలి.

మొదటిదే కావాలంది సున్‌రే. ముప్ఫై ఏళ్ళుగా షెడ్డులో కత్తితో ఆల్చిప్పలు ఒలిచే మనిషి. కానీ డాక్టర్ సూది చూపించగానే ఆమె రక్తపోటు నూట తొంభైకి ఎగిరింది. గ్యాస్ గొట్టం ముక్కుకి ఆనించగానే ఊపిరాడక లాగి పారేసింది. దాంతో భర్తా కూతురూ నిద్రే మంచిదని తీర్మానించేశారు. ఆమె వద్దంటే మొండితనమనుకున్నారు.

మిరన్ అరగంట వాదించింది. రక్తపోటు గురించి చెప్పింది, చీము గురించి చెప్పింది, సెలవు దండగైన సంగతీ చెప్పింది. సున్‌రే గిన్నె కడుగుతూ విన్నది. చివరికి భర్త తేసిక్ కలుగజేసుకున్నాడు. పడవల ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి, మాటలు పొదుపు.

"సూది చూస్తేనే వణికిపోతావు. పంతమెందుకు? పడుకో, లేచేసరికి అయిపోతుంది."

సున్‌రే కుళాయి కట్టేసింది.

"మూడేళ్ళ కిందట కూడా ఇదే మాట అన్నారు. రెండు పళ్ళ కోసం పడుకున్నాను. లేచేసరికి నాలుగు లేవు."

అప్పుడు వెళ్ళింది వేరే క్లినిక్‌కి. మధ్యలో డాక్టర్ బయటికొచ్చి, పక్క రెండూ కదులుతున్నాయి, ఎలాగూ నిద్రలోనే ఉంది కదా, తీసేయమంటారా అని అడిగాడు. తేసిక్ తలూపాడు. ఒకే దెబ్బతో పోతుందనుకున్నాడు. మళ్ళీ ఆమెకి ఆ భయం తప్పించానని లోలోపల సంతోషించాడు కూడా.

"అవి ఇవాళ కాకపోతే రేపు ఊడిపోయేవే," అన్నాడు.

"కావచ్చు. అయినా అవి నా పళ్ళు. మీరు అర నిమిషంలో తేల్చేశారు. నన్ను లేపి ఒక్క మాట అడగలేదు."

"నీ మంచికే కదమ్మా," అంది మిరన్ మెల్లగా.

"నా మంచి మీ అందరికీ నేను నిద్రపోతేనే గుర్తొస్తుంది."

మూడేళ్ళుగా ఆమె కట్టుడు పళ్ళు తీసేటప్పుడు అటు తిరిగి కూర్చుంటుంది. సిగ్గనుకున్నాడు తేసిక్. ఇప్పుడు అర్థమైంది. సూది అంటే ప్రాణం పోయేంత భయం ఉండి కూడా మెలకువగా ఉంటానంటోందంటే, సూదికంటే తనకే ఎక్కువ భయపడుతోంది.

వాకిట్లోకి వెళ్ళి క్లినిక్‌కి ఫోన్ చేసి వచ్చాడు.

"నువ్వు తిన్న అన్నానికి నాలుగింటి దాకా ఆగితే చాలట. మెలకువగానా, నిద్రపోయా అన్నది నువ్వే చెప్పు. ఏదంటే అది."

సున్‌రే తడి చేతులు తుడుచుకుంది.

"నిద్రే. సూది నేను చూడలేను. కానీ ఒక్కటే పన్ను."

మిరన్ మిగతా సగం రోజుకీ సెలవు పెట్టింది. నాలుగింటికి క్లినిక్‌లో సున్‌రే కాగితం మీద సంతకం పెట్టి, కలం భర్త చేతికిచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"మళ్ళీ బయటికొచ్చి అడిగితే?"

అతను నోరు తెరిచేలోగా నర్సు సున్‌రే పేరు పిలిచింది. జవాబు వినకుండానే ఆమె లోపలికెళ్ళింది.

ఇరవై నిమిషాలకు తలుపు తెరుచుకుంది. డాక్టర్ మేంగ్ మాస్కు కిందికి లాగింది. పన్ను వచ్చేసింది, రక్తం ఆగింది. కానీ పక్కపన్ను వేరు దాకా చీలి ఉంది, ఈ నిద్రలోనే తీసేస్తే మళ్ళీ రానక్కర్లేదు. ఏం చేయమంటారు?

తీసేయమను నాన్నా అంది మిరన్, మళ్ళీ ఉపవాసం, మళ్ళీ రక్తపోటు ఎందుకని. అందులో తప్పేమీ లేదు. తేసిక్‌కి కూడా అదే సబబుగా తోచింది. అతను లేచి నిలబడ్డాడు.

"వద్దు. లేచాక ఆవిడనే అడగండి."

"నాన్నా, మళ్ళీ రావాలి."

"ఆవిడ రమ్మంటే వస్తాను. పదిసార్లైనా వస్తాను."

పడక మీద సున్‌రే కళ్ళు తెరిచింది. నోట్లో దూది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"అడిగారా?"

"అడిగారు. పక్కపన్ను కూడా తీసేయమంటారా అని."

"మీరేం చెప్పారు?"

"నిన్నే అడగమన్నాను."

ఆమె కళ్ళు మూసుకుంది. రెండు నిమిషాలకు మళ్ళీ తెరిచి మళ్ళీ అదే అడిగింది. ఈ మందుకి అంతే, ఇప్పుడు విన్నది ఇప్పుడే మర్చిపోతారని నర్సు నవ్వింది. తేసిక్ విసుక్కోలేదు. ప్రతిసారీ మొదటిసారి చెప్తున్నట్టే చెప్పాడు. నాలుగోసారికి మిరన్ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

గంట తర్వాత కారులో సున్‌రే వెనక సీట్లో భర్త పక్కన నిటారుగా కూర్చుంది. వంతెన దగ్గర రద్దీ ఉంటుంది, చేపల బజారు మీదుగా పొమ్మని మిరన్‌కి చెప్పింది. పక్కపన్ను సంగతి వచ్చే గురువారం తనే డాక్టర్‌కి చెప్తానంది, షెడ్డులో ఆరోజు పని ఉండదని కూడా లెక్కేసి చెప్పింది. మందు పూర్తిగా దిగిపోయిందని ముగ్గురికీ తెలుస్తూనే ఉంది.

అప్పుడు ఆమె భర్త వైపు తిరిగింది.

"మిరన్ నాన్నా, ఇంతకీ మీరేం చెప్పారు?"

"నిన్నే అడగమన్నాను," అన్నాడు తేసిక్.