గోస్తనీ మడుగులో చావులు

ద్వారకా నగర్‌లో డిటెక్టివ్ కామరాజు ఆఫీసులోకి పోతమ్మ కంటే ముందు ఆమె బుట్ట వాసన వచ్చింది. ఆ దెబ్బకి కింది కోచింగ్ సెంటర్ పిల్లలు చదువు మీద ఆశ వదిలేసుకున్నారని అసిస్టెంటు తాతబాబు ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు.

బుట్టనిండా కుళ్లిన చేపపిల్లలు, కప్పలు, పీతలు, నత్తలు.

“పద్మనాభం పక్కన మా గోస్తనీ మడుగులోయి బాబూ. నానే పురుగుమందు కలిపీసినానని మా ఊరి పెద్దమనిషి శ్రీరామ్మూర్తిగారు ఊరంతా సెప్పీనారు. సాయంత్రం పంచాయితీ. ఏట్లో దిగొద్దంటే నానేటి తిని బతకాల?”

“పెద్ద చేపలేవమ్మా?”

“ఒక్కటీ లేదు బాబూ.”

మడుగు దగ్గర తాతబాబు ముక్కుకి తన రుమాలు కట్టుకున్నాడు. చాలక కామరాజుది కూడా కట్టుకున్నాడు. ఆస్పత్రి బాత్రూమ్ కడిగిన వాసన, దాని కింద కుళ్లు. నీటిపాము కూడా వెల్లకిలా తేలుతోంది.

“ఎగువన మందుల ఫ్యాక్టరీ ఉంది సార్. వాళ్ల పనే.”

కామరాజు ఎగువకి నడిచాడు. అక్కడ కప్పలు అరుస్తున్నాయి, చేపపిల్లలు ఈదుతున్నాయి.

“విషం పైనించి వస్తే ముందు ఇవి చావాలి కదోయ్.”

సాయంత్రం బడి అరుగు మీద ఊరంతా చేరింది. శ్రీరామ్మూర్తి నీలం లుంగీ మోకాళ్ల నుంచి కిందికి తెల్లగా వెలిసిపోయింది. అదేదో మధురవాడ ఫ్యాషన్ కాబోలని, ఎక్కడ కొన్నారో అడగబోయాడు తాతబాబు.

“మీరీమధ్య ఏట్లో దిగారా?” అన్నాడు కామరాజు.

“ఆ బురదలోకా? నాను గట్టు దిగి ఏడాదయినాది.”

“మరి లుంగీ?”

“మా యింటిది ఉతికితే ఎలిసిపోనాది.”

“మోకాలి దగ్గర గీత గీసినట్టు ఆపి ఉతికారా?”

ఎవరో కిసుక్కుమన్నారు. కామరాజు అందరివైపూ తిరిగాడు.

“మడుగులో కలిపింది పురుగుమందు కాదు, బ్లీచింగ్ పౌడర్. వాసనే చెబుతోంది. చల్లితే ఊపిరాడక చేపలు తేలతాయి. పెద్దవి ఏరుకుని అమ్ముకుని, మిగతా ప్రాణులన్నిటినీ కుళ్లడానికి వదిలేశారు. ఏటి పని తెలిసిన పోతమ్మ గోచీ పోసుకుని దిగుతుంది. పరువుగల పెద్దమనిషి లుంగీ పైకి కట్టకుండానే దిగాడు. నీళ్లు ఎంతవరకు తగిలాయో అంతవరకు రంగు తినేశాయి.”

శ్రీరామ్మూర్తి కాళ్లు ముడుచుకున్నాడు. లుంగీ సహకరించలేదు.

“అయితే ఏటి? సేపలే కదా. వానలొత్తే మల్లీ వత్తాయి.”

ఆ మాట కంటే మడుగు గట్టు కంపే నయమనిపించింది తాతబాబుకి.

“ఏట్లో నీకడ్డం లేదే పోతమ్మా,” అన్నారు పెద్దలు.

“ఎగువనున్న సేపపిల్లలు మడుగులోకి దిగి ఎదిగీదాకా ఎవులూ వలెయ్యకండి. నానూ ఎయ్యను, కూలికెల్తాను. ముందు ఈయన్ని దింపండి. ఆ కుళ్లు ఆయన సేత్తోనే ఎత్తాల.”

ఊరు ఒప్పుకుంది. శ్రీరామ్మూర్తి మడుగులోకి వంగి, రెండుసార్లు కక్కుకుని, మూడో బుట్ట నింపి గట్టెక్కబోయాడు.

“అదిగో,” అంది పోతమ్మ, “ఆ రాయి కింద నత్త కూడా.”