చుక్కలు తీసేసిన మధ్యాహ్నం

ఆఫీసులో అందరూ ఆమెని కత్తెరమ్మ అనేవారు. పని అలాంటిది. పోయినవాళ్ళ జ్ఞాపకంగా ఇంటర్నెట్‌లో పేజీలు పెట్టుకునే చోటు అది. ఇంట్లోవాళ్ళు ఫోటో పెడతారు, తెలిసినవాళ్ళు కింద నాలుగు మాటలు రాస్తారు. ఆ మాటల్లో బూతు దొర్లితే అక్షరాలు మాయమై వాటి చోట చుక్కలు పడేలా చెయ్యడం ఆమె పని. చచ్చినవాడి మీద కూడా కసి తీర్చుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారో ఆ కుర్చీలో కూర్చుంటే గానీ తెలీదు.

యంత్రానికి మాట తెలుసు, మనసు తెలీదు. ‘శని’ అంటే తిట్టు అని నేర్పితే, ‘శనివారం పోయారు’ అన్నచోట కూడా చుక్కలు పెట్టేసింది. ‘పంది’ అని నేర్పితే, ఒక పెద్దావిడ తన భర్త వేసిన ద్రాక్ష పందిరి గురించి రాసుకున్న దాంట్లో పందిరి సగం కూలిపోయింది. ఆవిడ ఫోన్ చేసి, “మా ఆయన్ని ఏమన్నా అనుకోండి గానీ, ఆ పందిరి జోలికి రాకండి” అంది. కత్తెరమ్మ నవ్వాపుకుంటూ క్షమాపణ చెప్పి సరిచేసింది.

ఆ రోజు పొద్దున్నుంచీ వాన. కళ్ళజోళ్ళ షాపు పైన రెండు గదులు వాళ్ళ ఆఫీసు. కిటికీలకి మబ్బు కమ్మేసి, మధ్యాహ్నానికే లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. మేనేజరు ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

“ఆ గడియారాల మెకానిక్ పేజీ చూడు తల్లీ. ఆయన కొడుకు నా ప్రాణం తోడేస్తున్నాడు. వాళ్ళ నాన్నని ఎవరో బండబూతులు తిడుతున్నారట.”

ఆమె పేజీ తెరిచింది. ఫోటోలో నున్నగా గడ్డం గీసుకున్న ముసలాయన, మెత్తటి నవ్వు. కింద అన్నీ పొగడ్తలే. ‘చీమకైనా హాని తలపెట్టని మనిషి’. ‘గొంతెత్తి మాట్లాడగా ఏనాడూ వినలేదు’. వాటి మధ్యలో అక్కడక్కడా కొన్ని సందేశాలు మొదటి నుంచి చివరిదాకా చుక్కలే. ఒక్క అక్షరం మిగల్లేదు. రాసినవాళ్ళ పేరూ లేదు. పేరు లేకుండా సందేశం తీసుకునే పద్ధతే లేదక్కడ.

చుక్కల వెనక అసలు మాటలు ఆఫీసువాళ్ళకి కనపడతాయి. ఆమె తెరిచి చూసింది.

‘చిట్టీ, ఇలా రా.’

‘భయమెందుకు? ఏమీ చెయ్యను.’

‘చప్పుడు చెయ్యకూడదు మరి. మంచి పిల్లవి కదూ.’

“ఇందులో బూతేముంది?” అన్నాడు మేనేజరు.

ప్రతి సందేశం కింద ‘ఇది నన్ను బాధపెట్టింది’ అని ఒక మీట ఉంటుంది. ఒకే మాట మీద దాన్ని పదేపదే నొక్కితే, ఆ పేజీ వరకూ యంత్రం ఆ మాటని బూతుల్లో కలిపేసుకుంటుంది. ఈ పేజీలో అలా నొక్కింది ఒక్కరే. పోయినాయన కూతురు.

కత్తెరమ్మ ఆమెకి ఫోన్ చేసింది. అవతలి గొంతు మరీ చిన్నగా ఉంది. “ఫోన్లో వద్దమ్మా. నేనే వస్తాను.”

వచ్చింది. నలభై దాటిన మనిషి. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలీక, వద్దన్నా ఒళ్ళోనే పెట్టుకుంది. కత్తెరమ్మ ఆమెని పక్కగదిలోకి తీసుకెళ్ళి టీ ఇచ్చింది. ఆవిడ గ్లాసుని రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుంది. అప్పుడు కనిపించింది. ఎడంచేతి వేళ్ళు రెండు మొదట్లోనే వంగి, చెరో దిక్కుకీ తిరిగి ఉన్నాయి.

“చిట్టి అంటే మీరేనా అక్కా?”

“ఆ పేరు ఆయన తప్ప ఎవరూ పిలవలేదు.” ఆవిడ గుమ్మం వైపు చూసి గొంతు ఇంకా తగ్గించింది. “అమ్మ అన్నయ్యని తీసుకుని పుట్టింటికి వెళ్ళిన రోజుల్లో… షాపు వెనక గదిలోకి పిలిచేవారు. మా నాన్న ఒక్క బూతు మాట అనలేదమ్మా ఎప్పుడూ. ఎంత మెత్తగా పిలిస్తే అంత…” ఆగిపోయింది. “గడియారం ముళ్ళు సరిచేసే పట్టకారుతో వేలు పట్టుకుని లెక్కపెట్టేవారు. కిక్కురుమంటే లెక్క మళ్ళీ మొదటికి.”

కత్తెరమ్మ తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “మీ అన్నయ్యకి తెలీదా?”

“చెప్పాను. నాన్న మీద అభాండం వేస్తావా అని చెంప పగలగొట్టాడు. వేళ్ళు తలుపులో పడి నలిగాయని ఊరంతా అనుకుంటున్నారు. అదే ఉండనీ.” ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది. “పోయిన నెలరోజులకి నాన్నే రాయడం మొదలెట్టారు. చదివితే కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయమ్మా. నేను వద్దనుకున్నా లేస్తున్నాయి. చుక్కలు పడ్డాకే కుదురుగా కూర్చోగలుగుతున్నాను. తీసెయ్యకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

ఎవరో తెలిసినవాడు ఆడుతున్న పాడు ఆట అనుకుంది కత్తెరమ్మ. అయినా, “నా చేత్తో తియ్యను. మీరు నిశ్చింతగా వెళ్ళండి” అంది. ఆవిడ మొహంలో ఏళ్ళ బరువు దిగినట్టయింది. కళ్ళు తుడుచుకుని, గొడుగు పట్టుకుని మెట్ల వైపు నడిచింది.

కత్తెరమ్మ తన బల్ల దగ్గరికి వచ్చేసరికి, ఆమె కుర్చీలో మేనేజరు కూర్చుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

“నువ్వు నానుస్తావని నేనే తీసేశాలే. కొడుక్కి చదివి వినిపించా. ఫోన్లోనే భోరుమన్నాడు పాపం. అచ్చం మా నాన్న మాటలే అంటాడు!”

తెర మీద చుక్కలు లేవు. అన్ని మాటలూ శుభ్రంగా, నల్లగా కనపడుతున్నాయి. అందరికీ.

కింద మెట్ల మీద ఎక్కడో ఫోన్ మోగింది. టింగ్. పేజీలో కొత్త సందేశం వస్తే మోగే చప్పుడు.

తెర మీద కొత్త వరస పడింది.

‘చిట్టీ, మెట్ల దగ్గరున్నావా?’

మేనేజరు నవ్వు సగంలో ఆగింది. “ఎవరు రాస్తున్నారిది?”

టింగ్.

‘గొడుగు పక్కన పెట్టు.’

కత్తెరమ్మ పరిగెత్తింది. మెట్లు ఇరుకు. బల్బు మిణుకుమిణుకుమంటోంది. తడి సిమెంటు వాసన మధ్యలో ఇంకేదో వాసన… సన్నటి, పాత మిషను నూనె వాసన. సగం మెట్లు దిగేసరికి గొడుగు కనిపించింది. కిందపడి లేదు. చక్కగా మడిచి, గోడకి ఆనించి ఉంది.

ఆవిడ లేదు.

వీధి తలుపు మూసే ఉంది. దానికివతల నేల మీద కొత్తగా వానజల్లు పడిన తడి లేదు. మెట్ల కింద కళ్ళజోళ్ళ షాపువాళ్ళ సామాను గది. చిన్న తలుపు. తాళం వేసి ఉంది.

టింగ్.

లోపల్నుంచి.

“అక్కా!” కత్తెరమ్మ తలుపు బాదింది.

“కొట్టకండమ్మా…” తలుపుకి పెదాలు ఆనించినట్టు గుసగుస. “చప్పుడు చెయ్యకండి… మళ్ళీ మొదలెడతారు.”

“లోపలికెలా వెళ్ళారు? బయటికి రండి!”

“రాలేను… చెయ్యి పట్టుకున్నారు.”

చిటుక్కుమంది. ఎండుపుల్ల విరిచినట్టు. అరుపు లేదు. ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు మాత్రం.

తర్వాత ముసలి మగగొంతు. ఎంతో ముద్దుగా.

“మూడు.”

కత్తెరమ్మ కేక వేసింది. కళ్ళజోళ్ళాయన తాళంచెవితో పరిగెత్తుకొచ్చాడు. “అందులో ఎవరుంటారమ్మా? ఈ వారమంతా తెరవనేలేదు!” అంటూనే తెరిచాడు.

తలుపు తెరిస్తే అట్టపెట్టెలు. కింద నుంచి పైకప్పు దాకా. గుమ్మం అంచు దాకా. చెయ్యి దూర్చడానికి కూడా సందు లేదు.

నూనె వాసన గుప్పుమంది. అంతే.

పెట్టెలన్నీ బయటికి లాగారు. వెనక గోడే. ఫోన్ లేదు, మనిషి లేదు.

కత్తెరమ్మ పైకెళ్ళి, ఆ మాటలన్నీ మళ్ళీ బూతుల్లో కలిపింది. పేజీ నిండా చుక్కలు పడ్డాయి. మేనేజరు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ నంబరుకి ఎన్నిసార్లు చేసినా మోగుతోంది, ఎవరూ ఎత్తట్లేదు.

పోలీసులకి చెప్పడానికి లేవబోతుండగా ఆఫీసు ఫోన్ మోగింది. కొడుకు. గొంతులో సంతోషం.

“థాంక్స్ చెబుదామని చేశానమ్మా. నాన్న మాటలు చదివాక మా చెల్లెలు మనసు కరిగినట్టుంది. ఇన్నేళ్ళకి తనంతట తాను, మీ ఆఫీసు నుంచి నేరుగా మా గడియారాల షాపుకొచ్చింది. వెనక నాన్న గదిలో కూర్చుంది.”

కత్తెరమ్మ రిసీవరు గట్టిగా పట్టుకుంది. “ఆమెని బయటికి తీసుకురండి. ఇప్పుడే. దయచేసి.”

“ఎందుకమ్మా? హాయిగా ఉంది. గడియ లోపల్నుంచి వేసుకుంది, అంతే.” అతను కాస్త తటపటాయించాడు. “అన్నట్టు… మీ ఆఫీసులో ఎవరి పాపైనా కనిపించట్లేదా? చెల్లెలి వెంట ఎవరో చిన్నపిల్ల వచ్చింది. ఏడెనిమిదేళ్ళుంటాయేమో. ఎడంచెయ్యి గుండెకి అదుముకుని గోడవైపు తిరిగి నడిచింది, మొహం చూపించలేదు. పేరడిగితే పలకలేదు.”

“ఏ పాపా లేదండీ ఇక్కడ…”

“మరి ఎవరమ్మా?” అన్నాడతను. గొంతులో సంతోషం తగ్గుతోంది. “వర్షంలో వచ్చింది కదా అని తల తుడవబోయాను. ఒంటి మీద ఒక్క చుక్క తడి లేదు.”