బిందెడు నీళ్ళు అడిగిన మసేనమ్మ

నీలగట్టు రాజ్యానికి మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు మడ అడవి. అక్కడివాళ్ళు తినేది చేప, అమ్మేది చేప, రాజుగారికి పన్నుగా కట్టేదీ చేపే. అలాంటి రాజ్యంలో వేటకు వెళ్ళిన పడవలు తిరిగి రావడం మానేశాయి. దూరాన నల్లదిబ్బ మీద ఘంటోరుడనే రాక్షసుడు కాపురం ఉన్నాడు. పడవలో నీరు చేరి ఎవరి కాళ్ళు తడిస్తే వాళ్ళను నీటికాకులుగా మార్చి తన దిబ్బ మీద కూర్చోబెట్టుకుంటాడు. అడుగున చుక్క నీరు చేరని పడవలో ఎవరైనా ఆ దిబ్బను చేరితే శాపం విడిపోతుందని అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? రాజుగారు విచారిస్తూ సింహాసనం మీద కూర్చున్నారు. విచారించడంలో ఆయనను మించినవారు లేరు.

మసేనమ్మ తండ్రి బండియ్య కూడా అలాగే నీటికాకి అయ్యాడు. జీవితంలో మొదటిసారి సొంతానికి ఒక పాత పడవ కొనుక్కుని, దానికి పసుపూ కుంకుమా పెట్టి, సంబరంగా వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. తల్లి చాలాకాలం ఏడ్చింది. మసేనమ్మకు ఏడుపు కాదు, ఒళ్ళు మండింది. నేనే పడవ తీసుకుని వెళ్ళి నాన్నను తెస్తానంది. తల్లి కాసేపు ఆలోచించి, కాళ్ళ వెండి కడియాలు ఊడదీసి చేతిలో పెట్టింది. ఇంట్లో ఇంతకు మించి ఏమీ లేదనీ, వీటికి వచ్చే పడవేదో జాగ్రత్తగా చూసి తీసుకోమనీ చెప్పింది.

రాజ్యం మొత్తానికి పాత పడవలు అమ్మేవాడు మంగపతి ఒక్కడే. అతని రేవులో పడవలన్నీ దుంగల మీద వరసగా నిలబెట్టి ఉండేవి. వాటికి ఎర్ర రంగు, పచ్చ రంగు, నీలం రంగు, ముక్కు దగ్గర ఆమధ్యే దిద్దిన కళ్ళు. మంగపతి కడియాలను అరచేతిలో ఎగరేసి పెదవి విరిచాడు. తర్వాత ఏదో దానం చేస్తున్నట్టు ఒక ఎర్ర పడవ చూపించాడు. అది ఒక పెద్ద జమీందారుగారిదట, పున్నమి రోజున షికారుకు తప్ప నీళ్ళలోకి దింపి ఎరగరట. ఇలాంటి మాటలు చెప్పేటప్పుడు అతనికి నాలుక తడబడేది కాదు.

మసేనమ్మ పడవ చుట్టూ తిరిగి చూసి, ఒక బిందెడు నీళ్ళు ఇప్పించమంది. కుండ కొన్నప్పుడు నీళ్ళు పోసి చూస్తాం కదా, పడవలోనూ పోసి చూస్తే ఎక్కడ కారుతుందో బయటికి తెలిసిపోతుందని ఆమె ఆలోచన. ఆ మాటకు చుట్టూ ఉన్న జనం చెవులు మూసుకున్నారు. ఒడ్డున ఉన్న పడవలో నీళ్ళు పోయడం నీలగట్టులో మహాపాపం. అలా చేస్తే సముద్రపు తల్లి కడలమ్మకు కోపం వచ్చి ఊరిని ముంచేస్తుందని తాతల నాటి నుంచీ నమ్మకం.

"తప్పు పిల్లా, లెంపలేసుకో" అన్నాడు మంగపతి. "కడలమ్మ మాటనే కాదంటావేటి?"

"ఆయమ్మ ఆ మాట ఎవురితో సెప్పింది?"

"మా తాతతో."

"అయితే నాతో కూడా సెప్తాది. ఎల్లి అడిగొస్తాను" అని మసేనమ్మ కడియాలు లాక్కుని బయలుదేరింది.

చూశారా పిల్లలూ! ఊరందరి ప్రాణాలకు సంబంధించిన మాట, పడవలు అమ్ముకునేవాడి తాతకు ఒక్కడికే వినబడింది. ఇన్నేళ్ళుగా ఇదేమిటని అడిగినవాళ్ళు లేరు. తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కడలమ్మ ఉండేది మడ అడవి అవతల, ఏరు సముద్రంలో కలిసేచోట. మోకాలి లోతు బురదలో, మడ చెట్ల వేళ్ళ మధ్య నుంచి దూరుతూ మసేనమ్మ నడిచింది. అడవి నడుమ గుడిసెంత పీత ఒకటి దారికి అడ్డంగా ఉంది. ఒంటి మీద సొంత చిప్ప లేక ఎవరో వదిలేసిన గుల్లల్లో కాపురం ఉండే జాతి అది. దాని ముందు రెండు పెద్ద గుల్లలున్నాయి, ఒకటి ముత్యంలా మెరుస్తోంది, ఒకటి నాచు పట్టి ఉంది. వీటిలో తనకు ఏది పనికొస్తుందో చెబితే దారి ఇస్తాననీ, తప్పు చెబితే మింగేస్తాననీ అంది పీత.

మసేనమ్మ దోసిళ్ళతో ఏటి నీళ్ళు తెచ్చి రెండింటిలోనూ నింపింది. మెరిసే గుల్ల అడుగు నుంచి ధార కట్టింది. నాచు గుల్లలో నీళ్ళు కదలకుండా నిలిచాయి. పీత తన డెక్కతో నాచు గుల్ల మీద టకటకా కొట్టి చూసుకుని, గట్టిగానే ఉందని తృప్తిపడి, ఇంత చిన్న సంగతి మీ మనుషులకు తెలియకపోవడమేమిటని ఆశ్చర్యపోయింది. మసేనమ్మ సిగ్గుపడుతూనే దాన్ని దాటి ముందుకు నడిచింది.

ఏటి మొగలో కడలమ్మ అలల మీద జుట్టు ఆరబెట్టుకుంటూ కనిపించింది. మసేనమ్మ దండం పెట్టి జరిగిందంతా చెప్పింది. వింటున్నకొద్దీ ఆ సముద్రపు తల్లి ముఖం నల్లబడింది, అలలు లేవడం మొదలుపెట్టాయి.

"నేనా ఆ మాట అన్నది?" అంది కడలమ్మ. "నా మీదికి వచ్చే బిడ్డలు గట్టి పడవలో రావాలని కోరుకుంటాను గానీ, చిల్లు ఎక్కడుందో చూసుకోవద్దని ఏ తల్లి చెబుతుంది? నా పేరు పెట్టి ఎంతమందిని పంపించాడమ్మా వాడు?"

ఆమె కళ్ళు తుడుచుకుని, తన రాగి బిందె ఇచ్చింది. ఎంత పోసినా అందులో నీళ్ళు తరగవు.

మసేనమ్మ రేవుకు తిరిగి వచ్చి, జనమంతా చూస్తుండగా ఎర్ర పడవలో బిందె వంచింది. అందరూ భయంతో సముద్రం వైపు చూశారు. అది చెక్కు చెదరలేదు. కారింది పడవే. రంగు ఊడి, దాని కింద తారు ఊడి, దాని కింద కుక్కిన రంపపు పొట్టు జావగా కారిపోయింది. పొట్టు వెనక పలకలే లేవు. పచ్చ పడవా అంతే, నీలం పడవా అంతే. జనం తలలు బాదుకున్నారు. ఇలాంటి వాటిలోనే కదా వాళ్ళ అన్నదమ్ములనూ బిడ్డలనూ సాగనంపింది!

రేవు వెనక వలలు ఆరేసుకోవడానికి బోర్లించిన పాత పడవ ఒకటుంది. రంగు లేదు, కళ్ళు లేవు. వెల్లకిలా తిప్పి నీళ్ళు పోస్తే అది ఒకే ఒక అతుకు దగ్గర చెమర్చింది. కనబడిన చిల్లును బాగుచేసుకోవచ్చు, దాచిపెట్టిన చిల్లుతోనే చావు. మసేనమ్మ దానికి ఒక కడియం మాత్రం ఇస్తానంది. అందరి ముందూ మంగపతి దాన్నే పుచ్చుకున్నాడు. రెండో కడియంతో ఆమె తెరచాప, తెడ్లు, గుగ్గిలం కొని, ఆ అతుకులో కొబ్బరిపీచు దట్టించి, పైన గుగ్గిలం కరిగించి పోసి మూసింది.

నల్లదిబ్బ దగ్గర ఘంటోరుడు చెంపలు ఉబ్బించి ఊదాడు. పడవ ఊగింది, అంతే. అతను వంగి, పడవ లోపలి అడుగును వేలితో తడిమి చూశాడు. పొడిగా ఉంది.

"మా వాళ్ళ పడవలు ఎందుకు ముంచినావు?" అని మసేనమ్మ తెడ్డెత్తి నిలదీసింది.

"ముంచడమా?" రాక్షసుడు నిజంగానే నొచ్చుకున్నాడు. "నేను రాక్షసుణ్ణే, ఒప్పుకుంటాను. కానీ ఒక్క పడవనూ ముంచలేదు. మునిగేవే మీ రేవు నుంచి వస్తున్నాయి. నేను ఏరుకున్నానంతే."

అంతలో దిబ్బ మీది నీటికాకులన్నీ రెక్కలు రాల్చి మనుషులయ్యాయి. బండియ్య గబగబా పడవ ఎక్కి, కూతురిని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత అరచేత్తో పడవ అడుగంతా నిమురుకుంటూ కూర్చున్నాడు. శాపం విడిపోయాక రాక్షసుడు మాట వినక తప్పలేదు. సముద్రం అతనికి నడుం లోతే కనుక, మిగిలినవాళ్ళను భుజాల మీద ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చాడు.

ఒడ్డున రాజుగారు అన్నీ విని, మొట్టమొదటిసారి విచారించడం మాని కోపం తెచ్చుకున్నారు. మసేనమ్మను రేవుకు అధికారిని చేశారు. మంగపతి తన పడవల్లో నచ్చినది ఎక్కి, ఆ క్షణమే రాజ్యం వదిలిపోవాలని ఆజ్ఞాపించారు.

మంగపతి పడవలన్నిటి చుట్టూ తిరిగాడు. ఒకదాన్ని తట్టాడు, ఇంకోదాని కిందికి వంగి చూశాడు. చివరికి మసేనమ్మ దగ్గరికి వచ్చి, "అమ్మా, ఒక్క బిందెడు నీళ్ళు ఇప్పిస్తావా?" అన్నాడు.

"కడలమ్మకు కోపం రాదా?" అంది మసేనమ్మ.

మంగపతి తల దించుకున్నాడు. అతణ్ణి ఏ పడవలోనైనా పంపడమంటే చంపడమే. మసేనమ్మకు ఆ పని అసహ్యమనిపించి, రాజుగారితో చెప్పి అతణ్ణి రేవులోనే ఉంచింది. ఆనాటి నుంచి నీలగట్టులో ఎవరు పాత పడవ కొనడానికి వచ్చినా, ఆ రాగి బిందె భుజాన పెట్టుకుని ఎదురొచ్చేది మంగపతే.