నల్లా కాడ పిట్ట

"మిషన్ పేరు 'ఈక'. ఒక విదేశీ ముఠా వలసపిట్టల కాళ్ళకు మైక్రోచిప్‌లు కట్టి మన రాడార్ రహస్యాలు సరిహద్దు దాటిస్తోంది. పిట్టలు తిరుగుప్రయాణం కట్టేలోగా వాటిని దాచిన చోటు పట్టుకోవాలి. అర్థమైందా?"

"అర్థమైంది సార్," అన్నాడు ఏజెంట్ కమలాకర్. కాకినాడ మనిషి. అర్థం కాకపోయినా అలాగే అంటాడు.

నార్కట్‌పల్లిలో ఎరువుల సేల్స్‌మన్ వేషం. జేబులో పెన్ కెమెరా. పక్కన పార్టనర్ స్నిగ్ధ. ఆవిడ నవ్విందంటే బ్రీఫింగ్ సగం మరిచిపోతాడు. రెండోరోజే చిప్ కట్టిన జొన్నపిట్ట సైదమ్మ అనే రైతు గంపలో దొరికింది. అంతకుముందే ఆమె పెట్టిన జొన్నరొట్టె తిన్నాడు మహానుభావుడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"గోదాము నల్లా కాడ దొరికింది సారూ. రెక్కకు దెబ్బ తాకిందని తెచ్చి గింజలేసిన."

"నల్లకాడ! కోడ్‌వర్డ్," స్నిగ్ధ చెవిలో ఊదింది.

అంతే, సైదమ్మను లోపల వేయించాడు.

"చేను కోతకొచ్చింది సారూ! నేను లేకుంటే పిట్టలు ఒక్క గింజ ఉంచయ్!" అని ఆమె మొత్తుకున్నా వినలేదు.

నాలుగోనాడు ల్యాబ్ నుంచి సైంటిస్ట్ సుచరిత ఫోన్.

"సార్, ఈక మొలిచేటప్పుడు పిట్ట ఏ నీళ్ళు తాగితే ఆ నీళ్ళ గుర్తు దాంట్ల నిలిచిపోతది. హైడ్రోజన్ ఐసోటోప్ లెక్క. పాత ఈకలు వేరే దేశంల మొలిచినయ్. తోకల ఒక్కటి ఊడి, ఈడికొచ్చినంక కొత్తగ మొలిచింది. సైదమ్మ బోరు నీళ్ళు గావవి. డ్యాంల ఎండకు కొంత ఆవిరైపోంగ మిగిలిన బాపతు, నల్లా నీళ్ళు."

"నల్లటి నీళ్ళా?"

"అయ్యో సార్! నల్లా అంటే మీ కుళాయి!"

కమలాకర్ గోదాముకు పరుగెత్తాడు. ఆ పిచ్చితల్లి మొదటిమాటలోనే అడ్రస్ చెప్పింది!

గోదాము తలుపు తన్నాడు. కుళాయి పక్కనే వందల పిట్టల పంజరం. పంజరం గడియ మీద స్నిగ్ధ చెయ్యి.

"నీకు తెలుసా, నల్లా అంటే?"

"మాది ఈ పక్క తిరుమలగిరే. తెల్వకుంటెట్ల?" పిట్టల్ని వదిలెయ్యడానికి నవ్వుతూ గడియ లాగింది. ముఠా మనిషి ఆవిడే! పంజరం తలుపు వేలెడు తెరుచుకునేసరికి కమలాకర్ వీపుతో దాన్ని మూసేశాడు. పిట్టలు వీపంతా పొడిచాయి. పొడవనీ అనుకున్నాడు.

స్నిగ్ధను లోపల వేయించి, సైదమ్మను విడిపించి తనే చేనుకు తీసుకొచ్చాడు. పిట్టలు తినగా కంకులన్నీ గింజ లేని ఉత్త బెండ్లు. ఆమె ఒక కంకి వంచి చూసి వదిలేసింది. తిట్టినా బాగుండేది.

"'నల్లా' అంటే తెలియక చేసిన తప్పంతా నాదేనమ్మా. ఏం చేసినా తీరదు," అన్నాడు.

ఆమె బోరు తొట్టిలో చెంబు ముంచి అందించింది.

"తాగు సారూ. బోరు నీళ్ళే. నల్లాయి గావులే, భయపడకు."