మూడో పడక

పొద్దున్నే కాఫీ కాచి వెండెల్ చేతికి ఒక కప్పు ఇచ్చి, డార్లీన్ మళ్ళీ ఆ మూడో పడక దగ్గరికి వెళ్ళింది. వంటిల్లూ పడకలూ ఉన్న ఆ ఆర్‌వీ బండిలో డ్రైవరు సీటుకి పైన గూడులా ఉండే చిన్న పడక అది. దుప్పటిని ఇంకోసారి లాగి సరిచేసి, కూతురి చిన్నప్పుడు తను కుట్టిన ముక్కల బొంతని కాళ్ళవైపు మడిచి పెట్టింది.

"బయల్దేరినప్పటినుంచీ ఆ పడకే సర్దుతున్నావు. మనది మాత్రం కుక్క పడుకుని లేచినట్టుంది," అన్నాడు వెండెల్.

"మనదాంట్లో మనమేగా పడుకునేది."

"ఇంతకీ పిల్ల వస్తానని అందా?"

"మనం వస్తున్నామంటే సరేనంది కదా."

"మనల్ని రమ్మనడం వేరు, తను వస్తాననడం వేరు, డార్లీన్."

ఆమె కప్పులు కడిగి బోర్లించింది.

పైకి ఇది విహారయాత్రే. వెండెల్ పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు, ఆర్‌వీ అద్దెకి తీసుకున్నాడు, ఒహాయో నుంచి కెంటకీ గుర్రాల సీమకి దిగాడు. దారి పొడుగునా నల్లరంగు పలకల కంచెలు, వాటి వెనక మేస్తున్న గుర్రాలు. ముచ్చటేసిన చోటల్లా అతను బండి ఆపాడు. డార్లీన్ ఫోటోలూ తీసింది. కానీ ఆమె వచ్చింది గుర్రాల కోసం కాదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు టెస్ ఫార్మసీ చదువు మధ్యలో వదిలేసి, చలికాలం చివర్లో ఇక్కడొక గుర్రాల ఫారంలో పనికి చేరింది. సోమవారం కాలేజీ తెరుస్తారు. సీటింకా పోలేదు. ఈలోగా పిల్లని ఈ బండిలో ఎక్కించుకుని పోవాలని డార్లీన్ పట్టుదల.

ఫారం దారిలోకి తిరగగానే వెండెల్ కొట్టాల వైపు పోబోయాడు.

"ఇక్కడే, గేటు పక్కనే పెట్టు. సామాను మోసుకొచ్చే దూరం తగ్గుతుంది," అంది డార్లీన్.

దారి ఇరుకు. బండి నిలబెడితే దాదాపు అడ్డుకట్టే. అతను భార్య మొహం చూసి అక్కడే ఆపాడు. డార్లీన్ తాళంచెవి తీసి జేబులో వేసుకుంది.

టెస్ పరుగున వచ్చింది. మోకాళ్ళ దాకా బురద బూట్లు, జుట్టులో గడ్డిపోచలు. ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది. "రేపు కదా వస్తామన్నారు!"

"కన్నకూతుర్ని చూడ్డానికి కూడా ముహూర్తం కావాలా?"

"మాకు నిజంగానే ఇవాళ ముహూర్తం ఉందమ్మా. గుర్రప్పిల్లలకి పాలు మాన్పిస్తున్నాం."

ఆమె వెనకే ఒక పెద్దావిడ వచ్చింది. మొగవాళ్ళ టోపీ, భుజాన పగ్గం. ఫారంలో తల్లిగుర్రాలన్నీ ఆవిడ అజమాయిషీలోనే ఉంటాయి. అక్కడ అందరికీ ఆవిడ డోవీ పెద్దమ్మే.

"చంద్రుడు గుండె దాటి మోకాళ్ళలోకి దిగాడు. ఇవాళ మాన్పిస్తే పిల్లలు బెంగపడవు," అందావిడ.

"చంద్రుడికి మోకాళ్ళా?" అన్నాడు వెండెల్.

"మా రైతుల పంచాంగంలో చంద్రుడు ఒంట్లో ఒక్కో చోటికి మారుతుంటాడు నాయనా. నాకూ అలాగే మాన్పించారట. చూడు, ఎంత నిబ్బరంగా ఉన్నానో!"

"నాన్నా, ఈ బండి తీసి కొట్టం దగ్గర పెట్టు. గుర్రాల్ని తీసుకెళ్ళే ట్రైలర్ ఇటునుంచే పోవాలి," అంది టెస్.

వెండెల్ భార్య వైపు చూశాడు. "తీస్తాంలే," అంది డార్లీన్. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

పచ్చికలో కొన్ని తల్లిగుర్రాలు, వాటి పిల్లలు, ఒక పక్కగా ఒంటరిగా ఒక ముసలి తెల్లగుర్రం ఉన్నాయి. ఆ పూట రెండు తల్లుల్నే తప్పిస్తారు. మిగతావాటి వంతు తర్వాత. పిల్లలు ఆటలో ఉండగా టెస్ ఒక ఎర్రటి తల్లిగుర్రాన్ని నెమ్మదిగా గేటు దాటించి, లోపలి దారిలో ఆగి ఉన్న ట్రైలర్ ఎక్కించింది. డోవీ రెండోదాన్ని ఎక్కించింది. తలుపు చప్పుడుకి ఎర్రపిల్ల తలెత్తింది. చుట్టూ చూసి సకిలించింది. ట్రైలర్‌లోంచి తల్లి బదులు పలికింది. అంతే, పిల్ల కంచె వెంబడి పరుగు లంకించుకుంది.

పనివాడొకడు నడుపుతున్న ట్రైలర్ కొంచెం కదిలి ఆర్‌వీ ముందు ఆగిపోయింది.

"అమ్మా, బండి తియ్యండి! త్వరగా!"

"తీస్తాం. ముందు నువ్వు ఎక్కు."

టెస్‌కి అర్థం కాలేదు. "ఏంటీ?"

"సోమవారం కాలేజీ. పైన పడక నీకోసమే సర్దాను. నువ్వు ఎక్కితేనే ఇది కదులుతుంది."

"డార్లీన్, తాళం ఇటివ్వు," అన్నాడు వెండెల్ చెయ్యి చాపి.

"నువ్వు ఊరుకో!"

"అమ్మా, దానికి తల్లి గొంతు వినపడుతోంది. వినపడినంతసేపూ అది ఆగదు. మన పోట్లాట తర్వాత!"

"తల్లి గొంతు వినపడకుండా చెయ్యడమా నీ ఉద్యోగం? పాలు తాగే పిల్లని తల్లి దగ్గర్నుంచి లాగేసే పనికోసమా బంగారంలాంటి చదువు మానుకున్నావు?"

"మేం పిల్లని లాగం!" అంది టెస్. "పిల్లని అంగుళం కూడా కదపం. అది పుట్టిన చోటే, దాని స్నేహితుల మధ్యే ఉంటుంది. తీసుకెళ్ళేది తల్లినే."

ఈలోగా పలకలు ఫెళ్ళుమన్నాయి. పిల్ల రొమ్ముతో కంచెని గుద్దుకుని వెనక్కి పడి, మళ్ళీ లేచింది. ఎర్రటి ఒంటి మీద అంతకంటే ఎర్రటి గీత. ట్రైలర్‌లో తల్లి ఇనుప గోడని తన్నుతోంది.

డార్లీన్ జేబులో చెయ్యి పెట్టింది. తాళంచెవి వేళ్ళకి చిక్కలేదు. చిక్కాక మొగుడి మీదకి విసిరేసింది. "తియ్యి! తొందరగా తియ్యి!"

వెండెల్ బండిని పక్కనున్న గడ్డిలోకి ఎక్కించాడు. ట్రైలర్ వెళ్ళిపోయింది. తల్లి కేక కొండ వెనక్కి పోయి పోయి ఆగింది. పిల్ల ఇంకాసేపు పరిగెత్తి, అలిసి, తెల్లగుర్రం పక్కకి చేరి నిలబడింది.

టెస్ దెబ్బ కడుగుతుంటే బకెట్టు పట్టుకున్నది డార్లీనే. ఎవరూ పట్టుకోమనలేదు.

"నా వల్లే," అంది.

"పైపైనే గీరుకుంది. మానిపోతుంది," అంది టెస్. బకెట్టులో గుడ్డ పిండి, "చదువు చేతకాక రాలేదమ్మా. ఇది నా చేతుల్లోకే పుట్టింది. ఆ రోజు నేనెక్కడుండాలో నాకు తెలిసింది. ఫోన్లో చెబితే నువ్వు పెట్టేస్తావని చెప్పలేదు."

పెట్టేసేదే. డార్లీన్ కాదనలేదు.

"ఆ తెల్లదానికి పాలున్నాయా?" అనడిగింది డోవీని.

"చుక్క లేదు. ఆ సంగతి పిల్లలకీ తెలుసు. పక్కన ఒక పెద్దది ఉంటే చాలు వాటికి." డోవీ తన డబ్బా మూత తీసి, హామ్ మాంసం కుక్కిన మెత్తటి రొట్టె టెస్ చేతిలో పెట్టింది. "తిను. ఆవాలముద్ద పుయ్యలేదులే, నీకు పడదుగా."

ఆ సంగతి లోకంలో తనకొక్కదానికే తెలుసని ఇన్నాళ్ళూ అనుకునేది డార్లీన్. కూతురు రొట్టె కొరుకుతుంటే చూసింది. భుజాలు గట్టిపడ్డాయి పిల్లకి. ఎండకి నల్లబడింది. బాగుంది.

మధ్యాహ్నం బయల్దేరేముందు ఆమె బండెక్కి, మూడో పడక మీది బొంత దించుకొచ్చి టెస్ చేతుల్లో పెట్టింది. "చలికాలం వస్తుంది కదా."

టెస్ బొంతలో మొహం దాచుకుంది.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?"

"ఎప్పుడైనా రా అమ్మా. గేటు దగ్గర మాత్రం పెట్టకండి."

ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలోనే ఏడుపయింది. డోవీ వెండెల్ చేతికి ఏదో పొట్లం ఇచ్చి, అతని భుజం తట్టి పంపింది.

కొండ దాటాక రోడ్డు పక్కన ఇంకో పచ్చిక కనిపించింది. రెండోది దూరంగా మేస్తుంటే, గేటు దగ్గర పొద్దుటి ఎర్రటి తల్లిగుర్రం ఒక్కటే నిలబడి ఉంది, ఇటే చూస్తూ.

"ఆపు," అంది డార్లీన్.

దిగి కంచె దగ్గరికి వెళ్ళింది. అక్కడికి ఏ కేకా వినపడటం లేదు. అయినా గుర్రం చెవులు రెండూ కొండవైపే నిక్కి ఉన్నాయి. డార్లీన్ గుప్పెడు గడ్డి పీకి చాపింది. గుర్రం ముట్టలేదు. అలాగని పక్కకీ పోలేదు. ఆమె అరచేతి మీద వెచ్చగా ఊపిరి వదిలింది.

"తిను తల్లీ," అంది డార్లీన్. కన్నీళ్ళు గడ్డం మీదికి జారాయి. "పిల్ల బాగానే ఉంది. నేను చూసే వచ్చాను."

వెనకనుంచి వెండెల్ వచ్చి పొట్లం విప్పి, ఒక రొట్టె ఆమె ముందు పెట్టాడు.

"పొద్దున్నుంచీ నువ్వు మాత్రం ఏం తిన్నావు?" అన్నాడు.