ఇరవై చుక్కలు

మంగళవారం ఉదయం 10 గంటల 40 నిమిషాలకు కోరుట్లలో ప్రోగ్రామర్ ప్రభాకర్ తన కంప్యూటర్ ముందు చనిపోయాడు. టీలో విషం కలిసింది. సగం తాగిన గ్లాసు కీబోర్డు పక్కనే ఉంది. స్క్రీన్ మీద ఒక విండో, అందులో ఒక్క లైన్ మాత్రమే పట్టే బాక్స్, కింద ఒక బటన్. బాక్స్‌లో కర్సర్ కొట్టుకుంటోంది.

ముందురోజు సాయంత్రం అతను జగిత్యాలలోని ఒక నంబర్‌కు ఫోన్ చేశాడు. "తప్పు జేసిన. రేపు అచ్చి చెప్త" అన్నాడు. రాలేదు.

మధ్యాహ్నం రెండింటికి జగిత్యాలలో, ఆ ఫోన్ మోగిన గదిలోనే, ఒక జిరాక్స్ షాపు మీద, బ్రీఫింగ్ మొదలైంది. కుర్చీలో ఇంటెలిజెన్స్ చీఫ్ సత్యవ్వ. ఎదురుగా ఇద్దరు. ఒకరు ఏజెంట్ బాలలక్ష్మి, కోడ్ పేరు 'కండె', అంటే మగ్గానికి నూలు చుట్టే పుల్ల. సిరిసిల్ల నేత కుటుంబంలో పుట్టింది, ప్రోగ్రామింగ్ చదివింది, పదహారేళ్లుగా ఈ పనిలో ఉంది. రెండో మనిషి గంగాప్రసాద్, హైదరాబాద్ నుంచి పొద్దున్నే దిగిన టెక్నికల్ అడ్వైజర్. తెల్ల లినెన్ చొక్కా, మెట్ల దాకా వచ్చే సెంటు వాసన, గదిలో కూడా తీయని నల్లద్దాలు. మూడు దేశాల్లో ట్రైనింగ్ అయిందని మొదటి ఐదు నిమిషాల్లో రెండుసార్లు చెప్పాడు.

"సిరిసిల్లల వెంకటేశం మిల్లు," అంది సత్యవ్వ. "మిలటరీ డేరాలకు గుడ్డ నేస్తున్రు. గా డేరాల పండుకున్నోళ్ల ఒంటి వేడి సరిహద్దు అవుతలి కెమెరాలకు దొరకది. నేత కొలతల ఫైలు మిల్లు కంప్యూటర్ల ఉన్నది. ప్రోగ్రాం ప్రభాకర్ రాసిండు. ఫైలు దేశం దాటేటందుకు అండ్ల దొంగదారి పెట్టిండని అనుమానం. ముఠా బయటిది. ఏ దేశానిదో రుజువు కాలే."

"ఫైలు పోతే?" అని అడిగింది బాలలక్ష్మి.

"ఏ కెమెరా తోటి చూడాల్నో ఆళ్లకు ఎరుకైతది. నలభై డేరాలు ఇప్పటికే రాజస్థాన్ పోయినయ్."

బాలలక్ష్మి తమ్ముడు నరేశ్ అక్కడ జవాను. నెల రోజులుగా ఆ డేరాల్లో ఒకదానిలో పడుకుంటున్నాడు. ఈ సంగతి సత్యవ్వకూ తెలుసు.

గంగాప్రసాద్ నవ్వాడు. "ఒక పాస్‌వర్డ్ బాక్స్. సింగిల్ లైన్ టెక్స్ట్ ఫీల్డ్. మా దగ్గర ఇంటర్న్‌లు మొదటి వారం రాసేది. దానికి ఒక ఆపరేషన్. మీరు కోరుట్ల చూడండి మేడం, ఇక్కడికి దగ్గర. సిరిసిల్లలో సెక్యూరిటీ ఆడిట్ నేను చేస్తాను. గురువారం." ఆమె చేతిలో ఒక పెన్ను పెట్టాడు. "ఇందులో కెమెరా ఉంది. జాగ్రత్త. మీకు అలవాటు లేని వస్తువు."

ఆ పెన్ను రాయలేదు. ఫొటో కూడా తీయలేదు.

అతను మెట్లు దిగాక బాలలక్ష్మి అంది: "మేడం, మీరు ప్రోగ్రాం అన్నరు. బాక్స్ అని ఎవ్వలు అనలే."

కోరుట్ల గది ఫొటోలు ఇంకా జగిత్యాలకు చేరలేదు.

"నాకూ ఇనవడ్డది," అంది సత్యవ్వ.

"మరి ఇప్పుడే పట్టుకుందామా?"

"ఏమని పట్టుకుంటవ్? సెంటు కొట్టుకున్నడనా? గా బాక్స్‌ల ఆయన వేళ్ల తోటే కొట్టనీ. ఫైలు మాత్రం కదలద్దు."

బుధవారం ఉదయం తొమ్మిదింటికి బాలలక్ష్మి ప్రభాకర్ కంప్యూటర్ తెరిచింది. ప్రోగ్రామ్ జావాలో ఉంది. మిల్లు సిబ్బంది రోజూ వాడే స్క్రీన్ల వెనక, మూడు కీలు కలిపి నొక్కితే తెరుచుకునే విండో ఒకటి ఉంది. అందులోదే ఆ బాక్స్. ఏమి కొట్టినా చుక్కలే కనిపిస్తాయి. సరైన మాట కొట్టి ఎంటర్ నొక్కితే ఫైలు బయటి సర్వర్‌కు వెళ్తుంది. ఆ సర్వర్ గురువారం సాయంత్రం నాలుగు నుంచి నాలుగూ పది వరకే తెరిచి ఉంటుంది. మూడుసార్లు తప్పితే బాక్స్ లాక్ అవుతుంది. ఆ మాట ఏమిటో కోడ్‌లో లేదు. పొడవు మాత్రం ఉంది. ఇరవై ఏడు అక్షరాలు.

బాక్స్ వెడల్పు ఇరవై. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ అంకె చూసి ఇరవైకి మించి పట్టదనుకుంటారు. అది కనిపించే వెడల్పు మాత్రమే. ఎన్ని కొట్టినా పడతాయి. మిగిలినవి ఎడమకు జరిగి కనబడకుండా పోతాయి. ఇరవై ఆరు పడినా, ఇరవై ఏడు పడినా, మనిషికి కనిపించేవి ఇరవై చుక్కలు.

ఆమె జగిత్యాలకు ఫోన్ చేసింది.

"పంపే లైనే తీసెయ్యరాదు?" అంది సత్యవ్వ.

"తీస్తే సమజైతది. ఇంకో దారి పడ్తడు. తప్పు అని అస్తే ఆయన కీబోర్డును తిడ్తడు."

"నిన్ను?"

"నేను అండ్ల ఉన్ననని ఆయనకు తోచది మేడం."

మొదట ఆమె కీ నొక్కిన ప్రతిసారీ అక్షరాలు లెక్కపెట్టే కోడ్ రాసింది. రాసి చదువుకుని చెరిపేసింది. పేస్ట్ చేసేవాడు కీలు నొక్కడు. తర్వాత ఫిల్టర్ రాసింది. అక్షరం ఏ దారిన వచ్చినా బాక్స్‌లో పడేముందు దాన్ని దాటాలి. పరిమితి ఇరవై ఆరు. ఆపై వచ్చినదాన్ని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. మొత్తం పదకొండు లైన్లు. కోరుట్లలోనే కొన్న పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కింది.

మిల్లులో కొమురమ్మ ఉంది. ఇరవై ఏళ్లుగా అక్కడ కండెలు చుడుతోంది. అందులో తొమ్మిదేళ్లుగా డిపార్ట్‌మెంట్ మనిషి. కోడ్ ప్రశ్న: "కండెలు ఎన్నున్నయ్?" జవాబు: "తడివే ఉన్నయ్." ఆ ప్రశ్న ఆ షెడ్డులో రోజుకు వందసార్లు వినిపిస్తుంది. బాలలక్ష్మి అడిగితే ముగ్గురు జవాబిచ్చారు. ఒకామె కండెలు తెచ్చి చేతిలో పెట్టింది.

"గీ కోడ్ ఎవలు పెట్టిన్రు చెల్లె?" అంది కొమురమ్మ పక్కకు తీసుకుపోయి.

"హైదరాబాదోళ్లు అక్కా."

"అనుకున్న."

వెంకటేశం అన్నానికి వెళ్లినప్పుడు కొమురమ్మ తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడింది. బాలలక్ష్మి మిల్లు కంప్యూటర్‌లో పాత ప్రోగ్రామ్ తీసి ఫిల్టర్ ఉన్న కొత్తది పెట్టింది. నాలుగు నిమిషాలు పట్టింది.

గురువారం మూడూ యాభైకి గంగాప్రసాద్ కారు దిగాడు. ఆఫీసు గది తనకు ఒంటరిగా కావాలని వెంకటేశానికి చెప్పాడు. గది గుమ్మం దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కండెలు ఏరుతున్నారు. ఒకామె తల మీద కొంగు, జుట్టులో దూది. రెండు రోజుల కింద జగిత్యాలలో గంటసేపు అతని ఎదురుగా కూర్చున్న మనిషి ఆమే.

"ఏయ్ అమ్మా, టీ తీసుకురా. చక్కెర తక్కువ," అన్నాడు గంగాప్రసాద్.

ఆమె తెచ్చి టేబుల్ మీద పెట్టింది. అతను తల ఎత్తలేదు. ఆమె బయటికి వచ్చి తలుపు పూర్తిగా వేయలేదు.

"తాగుతడా?" అంది కొమురమ్మ మెల్లగా.

"తాగడు. ఒకరికి ఇచ్చినోడు ఇంకొకరి చేతిది తాగడు."

4.01కి విండో తెరుచుకుంది. గంగాప్రసాద్ రెండు వేళ్లతో కొట్టాడు, కళ్లు కీల మీదే. ఎంటర్ నొక్కాడు. 'తప్పు' అని వచ్చింది. ఇంగ్లిష్‌లో కీబోర్డును తిట్టాడు.

4.04కి మళ్లీ కొట్టాడు. ఈసారి ఒక్కో కీ నొక్కుతూ బయటికే లెక్కపెట్టాడు. ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు. స్క్రీన్ వైపు చూశాడు. చుక్కలు బాక్స్ నిండా ఉన్నాయి. ఎంటర్. తప్పు.

మూడోసారి కొట్టలేదు. నల్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. అందులో ఆ మాట ఒక ఫైలులో ఉంది. కాపీ చేశాడు.

గుమ్మం దగ్గర బాలలక్ష్మి చేతిలోని కండె కదలడం ఆగింది. ఫిల్టర్‌ను టైపింగ్‌తో ఆరుసార్లు పరీక్షించింది. పేస్ట్‌తో ఒక్కసారే.

4.09కి అతను పేస్ట్ చేశాడు. బాక్స్‌లో ఇరవై చుక్కలు నిండాయి. ఎంటర్ నొక్కాడు.

బాక్స్ బూడిద రంగుకు మారింది. 'లాక్ అయింది' అని వచ్చింది. గోడ మీది గడియారం 4.10కి చేరింది.

బాలలక్ష్మి లోపలికి వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకుంది. కొమురమ్మ వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు.

"ఎవరు నువ్వు?" అన్నాడు గంగాప్రసాద్.

ఆమె తల మీది కొంగు తీసింది.

"బాక్సే గదా సార్," అంది. "మొదటి వారంల నేర్చుకునేది."

"ఇరవై ఏడు కొట్టాను. లెక్కపెట్టాను."

"మీరు కొట్టింది మీరు లెక్కవెట్టిన్రు. అది తీసుకున్నది అది లెక్కవెట్టింది."

"ఛాయ్ సల్లారింది సార్," అంది కొమురమ్మ. "తాగున్రి, అండ్ల ఏం లేదు."

అతను తాగలేదు.

కోరుట్ల గ్లాసు మీది వేలిముద్రల్లో రెండు గంగాప్రసాద్‌వని ఆ సాయంత్రం ఏడింటికి తేలింది. పెన్‌డ్రైవ్‌లోని మాట సరిగ్గా ఇరవై ఏడు అక్షరాలు. సర్వర్‌కు ఏమీ చేరలేదు.

శుక్రవారం ఉదయం ఆరుంబావుకు నరేశ్ ఫోన్ చేశాడు.

"రాత్రి మంచిగ పన్నవా తమ్మీ?"

"యాడ అక్కా. గీ డేరాల వేడి బయటికే పోదు. తెల్లార్లు ఉక్కపోసింది."

బాలలక్ష్మి ఆ మాటను టైంతో సహా రిపోర్టు చివరి లైన్‌లో రాసింది.